గవ్వ దింపేసింది

రాత్రి పదకొండున్నర. అందరూ పడుకున్నారు. నాకు కన్ను మూతపడడం లేదు. మా ఉప్పునీటి తొట్టిలోని ముళ్లబంతి వీపు మీది గవ్వను దింపేసింది.

టక్సెడో అర్చిన్ అనే ఈ సముద్రపు జీవి ఎప్పుడూ ఏదో ఒకటి నెత్తిన పెట్టుకునే తిరుగుతుంది. మాది కార్తికం నుంచి ఒకే తెల్ల గవ్వను మోస్తోంది. ఈ సాయంత్రం చూస్తే గవ్వ ఇసుకలో పడి ఉంది. పక్కనే నాలుగు ముళ్లు, విరిగిన చీపురు పుల్లల్లా. థర్మామీటరు 31 చూపిస్తోంది. 25 దగ్గర ఉండవలసిన నీళ్లు!

తొట్టి నీళ్లను చల్లబరిచే చిల్లర్ ప్లగ్గు పీకి అక్కడ ఫోను ఛార్జింగుకు పెట్టారు. పెదనాన్నే. తెల్లవారుజామున అలిపిరి మెట్లెక్కాలి, అలారం మోగాలి కదా. తిరుపతిలో ఇల్లుంటే దర్శనానికి వచ్చే చుట్టాలకు వేళాపాళా ఉండదు, దానికి నేనెప్పుడూ విసుక్కోలేదు. పరుపులు వేస్తాను, కాఫీలు ఇస్తాను, తెల్లవారకముందే బండి తీసి దింపి వస్తాను. ఒక్కటే అడిగాను, ఆ మూల స్విచ్చుల జోలికి వెళ్లవద్దని. నేను మొహం మాడ్చుకుంటే ఆయన అన్న మాట: “ఒక పురుగు కోసం ఇంత రాద్ధాంతమా నాన్నా?”

ఈ గొంతు నాకు కొత్త కాదు. ఐదో తరగతి సెలవుల్లో రామేశ్వరం వెళ్లాం. ఒడ్డున వల దులుపుతున్న జాలరి నా చేతిలో ఒక ఖాళీ అర్చిన్ గుల్ల పెట్టాడు. ముళ్లన్నీ రాలిపోయి, లేత ఊదారంగులో, గుండ్రంగా, ఊదితే ఎగిరిపోయేంత తేలిక. ఎండకు ఎత్తి పట్టుకుంటే ఐదు పట్టీలుగా సన్నటి రంధ్రాలు, ఒక్కో రంధ్రంలోంచి ఒక్కో వెలుగు చుక్క. బతికున్నప్పుడు గొట్టపు పాదాలు వాటిలోంచే బయటికి వస్తాయని చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. అమ్మ తువ్వాలులో చుట్టి బస్సు సీటు మీద పెట్టుకున్నాను. పెదనాన్న దాని మీదే కూర్చున్నారు. అప్పడం విరిగిన చప్పుడు. “సముద్రం నిండా ఉన్నాయి, ఇంకొకటి తెచ్చుకుందాం” అన్నారు. తేలేదు. ఆ ముక్కలు ఏడో తరగతి దాకా నా జామెట్రీ బాక్సులోనే ఉన్నాయి.

పురుగట! పోయిన ఏడు పచ్చనాచు జోవాంథిడ్‌లను, అంటే రాళ్ల మీద పువ్వుల్లా పెరిగే పగడాల చుట్టాలను, కప్పేస్తే పళ్ల బ్రష్షుతో తోమితోమి నా వేళ్లు నానిపోయాయి. ఇది వచ్చాక నెల తిరగకుండానే రాళ్లు బయటపడ్డాయి. అద్దం మీద ఐదు పళ్ల గాట్లు చిన్న నక్షత్రాల్లా కనిపిస్తాయి. 1983లో కరీబియన్‌లో పొడుగు ముళ్ల అర్చిన్‌లకు తెగులు సోకి ఏడాదిలోనే 90 శాతానికి పైగా పోయాయి. మేసేవి లేక అక్కడి పగడపు దిబ్బలను నాచు కమ్మేసింది. నా తొట్టిలో ఆ పని చేసేది ఇదొక్కటే.

ఇంత రాశాక ఒకటి ఒప్పుకోవాలి. మధ్యాహ్నం రెండింటికి నేను తొట్టి పక్క నుంచే వెళ్లాను. చిల్లర్ చప్పుడు లేదు. చెవిన పడలేదు. ఆ ప్లగ్గు మీద ఒక కాగితం అంటించడానికి ఎంతసేపు పట్టేది? ఆయనకు డెబ్బై రెండేళ్లు. ఛార్జర్‌కు ఖాళీ ఎక్కడ ఉందో అక్కడ పెట్టారు. అయినా ‘పురుగు’ అన్న మాట మాత్రం మింగుడు పడడం లేదు.

ఐసు వేసి ఒక్కసారిగా చల్లబరచలేదు, ఆ కుదుపు ఇంకా చేటు. చిల్లర్‌ను నెమ్మదిగా దిగేలా పెట్టి, పైన ఫ్యాను తిప్పాను. ఆవిరైపోయిన నీటికి బదులు ఉప్పు కలపని ఆర్‌ఓ నీళ్లే పోశాను. సాంద్రత 1.025 దగ్గర నిలబడింది.

ఇప్పుడే పెదనాన్న మంచినీళ్లకు లేచి వచ్చారు. “బతుకుతుందా?” అన్నారు. టార్చి ఆయన చేతికిచ్చి చూడమన్నాను. దారప్పోగుల్లాంటి పాదాలు రెండు మూడు చాచి అద్దాన్ని పట్టుకుంది. ఆయన చాలాసేపు వంగే ఉన్నారు.

28 డిగ్రీలు. గవ్వను మాత్రం ఇంకా ఎత్తుకోలేదు.