ఊపిరితిత్తుల రక్తనాళాలపై కార్బన్ డయాక్సైడ్ ప్రభావం: నేను చదివిన పద్ధతి

పీజీ ఎంట్రన్స్‌కు ఫిజియాలజీ చదువుతున్న మిత్రులు ఈ అంశాన్ని "మెదడులో వ్యాకోచం, ఊపిరితిత్తుల్లో సంకోచం" అని బట్టీ పట్టి వదిలేయవద్దని నా మనవి. సూటి ప్రశ్నకు ఆ ముక్క చాలుతుంది గానీ, కేసు రూపంలో అడిగినప్పుడు అక్కరకు రాదు.

ఒక్కో చోట రక్తనాళం చేయవలసిన పని ఏమిటన్న ప్రశ్నతో నేను మొదలుపెట్టాను. కండరంలో కార్బన్ డయాక్సైడ్ పెరిగిందంటే అక్కడ జీవక్రియ జోరుగా సాగుతోందని అర్థం కనుక, నాళాలు వ్యాకోచించి మరింత రక్తాన్ని తెస్తాయి. ఊపిరితిత్తుల్లో ఏదైనా ఒక భాగానికి గాలి సరిగా అందకపోతే, అక్కడి వాయుగోణుల్లో (రక్తంతో వాయువుల మార్పిడి జరిగే చిన్న గాలి తిత్తుల్లో) ఆక్సిజన్ తగ్గి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది. అటువంటి చోటికి రక్తం వెళ్లినా ప్రయోజనం లేదు కాబట్టి, అక్కడి చిన్న ధమనులు సంకోచించి రక్తాన్ని గాలి బాగా ఆడే భాగాలకు మళ్లిస్తాయి. ఇందులో పెద్దపీట ఆక్సిజన్ కొరతదే. 1946లో స్వీడన్ శాస్త్రవేత్తలు ఫాన్ ఆయిలర్, లిల్యెస్ట్రాండ్ పిల్లులపై చేసిన ప్రయోగాల్లో చూపినది దానినే. కార్బన్ డయాక్సైడ్ ప్రధానంగా హైడ్రోజన్ అయాన్లను, అంటే ఆమ్లతను, పెంచడం ద్వారా ఆ సంకోచానికి బలం చేకూరుస్తుంది.

నాకు ఇది నిజంగా పట్టుబడింది నవజాత శిశువు కేసుతోనే. పుట్టిన కొద్ది గంటలకే శరీరం నీలిబారిన బిడ్డకు కుడి చేతిలో ఆక్సిజన్ శాచురేషన్ (హిమోగ్లోబిన్‌లో ఆక్సిజన్ నిండిన శాతం) 95 శాతం, కాలిలో 82 శాతం, పీహెచ్ 7.15, కార్బన్ డయాక్సైడ్ పీడనం 65 మి.మీ. పాదరసం. ఆక్సిజన్ కొరత, అసిడోసిస్ (రక్తంలో ఆమ్లత పెరగడం) కలిసి పల్మనరీ, అంటే ఊపిరితిత్తుల, నాళాలను బిగించడంతో రక్తం డక్టస్ (గర్భంలో ఉన్నప్పుడు పల్మనరీ ధమనిని మహాధమనితో కలిపే నాళం) గుండా కుడి నుంచి ఎడమకు మళ్లుతోందని ఈ నాలుగు అంకెలే చెబుతాయి. అలాగని వేగంగా వెంటిలేట్ చేసి కార్బన్ డయాక్సైడ్‌ను బాగా దించేయాలన్న ఆప్షన్‌ను ఎంచుకోకూడదు: పల్మనరీ నిరోధం తగ్గినా, మెదడు నాళాలు ముడుచుకుని అక్కడికి రక్తప్రసరణ పడిపోతుంది. ఒకే వాయువు రెండు చోట్ల రెండు రకాలుగా పనిచేయడం పరీక్షకులకు బాగా ఇష్టమైన అంశం.

సీఓపీడీ (శ్వాసనాళాలు దీర్ఘకాలంగా ఇరుకైపోయే ఊపిరితిత్తుల జబ్బు) రోగికి ఆక్సిజన్ శాచురేషన్ లక్ష్యం 88–92 శాతం ఎందుకన్నదీ ఇక్కడికే వస్తుంది. అధిక ఆక్సిజన్ ఈ సంకోచాన్ని సడలిస్తే, గాలి ఆడని భాగాలకు రక్తం తిరిగి చేరి కార్బన్ డయాక్సైడ్ పెరుగుతుంది, హాల్డేన్ ప్రభావం (ఆక్సిజన్ నిండిన హిమోగ్లోబిన్ కార్బన్ డయాక్సైడ్‌ను తక్కువగా మోయడం) దానికి తోడవుతుంది. పల్మనరీ ఎంబాలిజంలో (రక్తపు గడ్డ వంటిది ఊపిరితిత్తుల ధమనిని మూసేయడంలో) మాత్రం కథ తిరగబడుతుంది. రక్తం అందని భాగంలో వాయుగోణుల కార్బన్ డయాక్సైడ్ పడిపోవడంతో అక్కడ ముడుచుకునేవి చిన్న శ్వాసనాళాలు; ఆప్షన్లలో రక్తనాళం, శ్వాసనాళం పక్కపక్కనే కనిపిస్తే ఈ తేడాను ఒకటికి రెండుసార్లు సరిచూసుకోండి.