సాంబ మసూరి కథ ఆకుతో మొదలుపెట్టండి

ఊళ్లో రైతుల ముందు నిలబడి ‘జన్యువు’ అనే మాటతో మొదలుపెడితే చాలామంది చెవికి అది బీటీ పత్తిలాగే వినబడుతుంది. ఇక గంటసేపు చెప్పినా చర్చ అక్కడే తిరుగుతుంది. ఆ మాట చివరికి రావాలి. ముందు రోగం చూపించాలి.

ఇంప్రూవ్డ్ సాంబ మసూరి అనే వరి రకాన్నే తీసుకుందాం. 1986లో బాపట్ల నుంచి వచ్చిన పాత సాంబ మసూరికి, అంటే బీపీటీ 5204కు, బాక్టీరియా ఎండాకు తెగులంటే తట్టుకునే శక్తి లేదు. హైదరాబాద్‌లోని కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం సీసీఎంబీ, రాజేంద్రనగర్ వరి పరిశోధన సంస్థ కలిసి ఎక్స్‌ఏ21, ఎక్స్‌ఏ13, ఎక్స్‌ఏ5 అనే మూడు నిరోధక జన్యువులను అందులోకి తెచ్చాయి. ఆ రకం 2008లో విడుదలైంది.

సభకు కావలసింది ఒక గాజు గ్లాసు, శుభ్రమైన నీళ్లు, కత్తెర. తెగులు కొత్తగా సోకిన ఆకు తెంపి, పచ్చదనం ఎండుకు మారే అంచు దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల ముక్క కత్తిరించి నీళ్లలో నిలబెట్టండి. గ్లాసు వెనక నల్లటి గుడ్డ ఉంచితే, కోసిన చోటి నుంచి పాల దారాల్లా జారేది కాసేపటికి కనబడుతుంది. అదే బాక్టీరియా. పూర్తిగా ఎండిన పాత ఆకు తెస్తే ఏమీ రాదు, మీరు నవ్వులపాలవుతారు. పక్క గ్లాసులో అగ్గి తెగులు ఆకు కూడా పెట్టండి. అది శిలీంధ్రం వల్ల వచ్చేది కాబట్టి ఈ దారాలు ఉండవు.

రెండో గ్లాసు ఊరికే పెట్టమనలేదు. కరపత్రాల్లో ‘తెగుళ్లను తట్టుకునే రకం’ అని రాస్తుంటారు. ఆ బహువచనమే కొంప ముంచుతుంది. ఈ మూడు జన్యువులు ఆపేది ఒక్క బాక్టీరియా ఎండాకు తెగులునే. అగ్గి తెగులుకూ దోమపోటుకూ వాటితో సంబంధం లేదు. చేనులో అగ్గి తెగులు కనబడగానే రైతు ‘నకిలీ విత్తనం’ అంటే ఆ తప్పు కరపత్రానిదే.

మరి మూడు జన్యువులను చేర్చడానికి ఏళ్ల తరబడి ఎందుకు పడుతుంది? దీనికి మినుములు, పెసలు చాలు. జన్యువుకొకటి చొప్పున మూడు సంచులు తీసుకుని ఒక్కోదాంట్లో 50 మినుములు, 50 పెసలు కలపండి. మినుము నిరోధక జన్యువు, పెస మామూలు జన్యువు. ప్రతి సంచిలోంచి ఒక గింజ తీసి, చూసి, మళ్లీ అందులోనే వేసి, రెండోది తీయాలి. ఎక్స్‌ఏ21కు ఒక్క మినుము వచ్చినా మొక్క తట్టుకుంటుంది. మిగతా రెండిటికీ జంటగా రావాలి. ఇక తరతరాలకూ స్థిరంగా నిలిచే మొక్క కావాలంటే ఆరుకు ఆరూ మినుములే పడాలి, అంటే సగటున 64 మొక్కల్లో ఒకటి. ‘సగటున’ అని నొక్కి చెప్పండి. 64 సార్లు తీసినా ఒక్కసారీ పడకపోయే అవకాశం మూడో వంతుకు పైనే.

అసలు చిక్కు ఇంకోటుంది. సాంబ మసూరి గుణాలు పోకుండా సంకరాన్ని మళ్లీ మళ్లీ సాంబ మసూరితోనే కలపాలి. నాలుగుసార్లు కలిపితే సగటున 96.9 శాతం పాత రకమే తిరిగొస్తుంది. ఆ దశల్లో మొక్కకు ఎక్స్‌ఏ13 జంటగా కాక ఒంటిగానే అందుతుంది. అది లోపలే ఉన్నా పైకి తేలదు, కాబట్టి కళ్లతో ఏరితే మంచి మొక్కనే పారేస్తాం. అందుకే ఆకు ముక్క నుంచి డీఎన్‌ఏ తీసి, జన్యువు ఉందో లేదో తెలిపే గుర్తు అయిన మార్కర్‌తో చూశారు. ప్రయోగశాల చేసింది మొక్కను గుర్తుపట్టడం, చేర్చింది మాత్రం పుప్పొడే.

‘ఇది బీటీ లాంటిదేనా’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. బీటీ పత్తిలో ఉన్నది నేల బాక్టీరియా జన్యువు. ఇక్కడ వరి నుంచి వరికి, సంకరంతో వచ్చింది. ఎక్స్‌ఏ21 మూలం ఆఫ్రికా అడవి వరి అయినా సరే. 2025లో ప్రకటించిన ‘కమల’ వరి రకానిది మూడో దారి: సాంబ మసూరి సొంత జన్యువునే సవరించారు. మూడిటినీ ఒకే మాటతో కలిపేయకండి.

కమల సాంబ మసూరి కంటే 19 శాతం ఎక్కువ దిగుబడి ఇస్తుందని అప్పుడు ప్రకటించారు. శాతం చెబితే దేనిమీదో కూడా చెప్పాలి. అదే శాతం చేనులోనూ వస్తే ఎకరానికి 28 బస్తాలు పండేచోట 33 అవుతాయి. కానీ పరీక్ష మడి వేరు, కాలువ చివరి చేను వేరు.

విత్తనం దాచుకోవచ్చా అని తప్పకుండా అడుగుతారు. ఇంప్రూవ్డ్ సాంబ మసూరి హైబ్రిడ్ కాదు, దాచుకోవచ్చు. కాకపోతే కళ్లంలో పాత బీపీటీ గింజలు కలిస్తే చూపుకు తేడా తెలియదు. మరుసటేడు చేనులో అక్కడక్కడా ఎండిన దుబ్బులు కనబడితే ముందు అనుమానించాల్సింది ఆ కల్తీనే.