ఎస్టీమ్ ఇంజనుకు టర్బో: 7,600 ఆర్‌పీఎం దాకా నా అనుభవం

మా పాత మారుతి ఎస్టీమ్ కారుకు టర్బో (ఎగ్జాస్ట్ పొగతో తిరుగుతూ ఇంజనులోకి గాలిని నొక్కే యంత్రం) బిగించడం నాకు పెద్ద పనిగా అనిపించలేదు గాని, టర్బో బిగించిన తరవాత కూడా ఆ ఇంజను నిమిషానికి ఏడున్నర వేల చుట్ల (ఆర్‌పీఎం) పైన నిబ్బరంగా తిరిగేలా చేయడానికి మాత్రం చాలా శ్రమ పడవలసి వచ్చింది. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ఇటువంటి మార్పులను ఒప్పుకోదు కాబట్టి ఈ కారు రోడ్డెక్కదు. నెల్లూరులో లారీ మీదికి ఎక్కించి, చెన్నై అవతల ఇరుంగాట్టుకోట్టైలో ఉన్న రేస్ ట్రాక్ దగ్గర దించుకుంటాము.

ఎస్టీమ్‌లో ఉన్నది జీ13బీబీ ఇంజను. 1,298 సీసీ, 16 వాల్వులు, ఒకే క్యామ్ షాఫ్టు. బోరు, అంటే సిలిండరు వ్యాసం, 74 మి.మీ.; స్ట్రోకు, అంటే పిస్టన్ పైకీ కిందికీ కదిలే దూరం, 75.5 మి.మీ. కంపెనీ ఇచ్చిన 85 హార్స్‌పవర్ 6,000 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. ఇక్కడ చాలామంది టర్బో బలాన్ని, తిరుగుడు వేగాన్ని ఒకే గాటన కడతారు. బూస్టు, అంటే టర్బో గాలికి ఇచ్చే అదనపు ఒత్తిడి, పిస్టన్‌ను కిందికి నొక్కుతుంది, వేగం దాన్ని పైకి ఈడుస్తుంది. పిస్టన్, పిన్ను, రింగులు, పిస్టన్‌ను క్రాంకుకు కలిపే రాడ్డు పై కొస కలిపి 450 గ్రాములనుకుంటే, ఎగ్జాస్ట్ స్ట్రోకు చివర పిస్టన్ పైన ఆగి వెనక్కి తిరిగే క్షణంలో రాడ్డు మీద పడే లాగుడు 6,000 దగ్గర సుమారు 900 కిలోలు, 7,600 దగ్గర 1,440 కిలోలు. వేగం నాలుగో వంతు పెరిగితే లాగుడు అరవై శాతం పెరుగుతుందన్నమాట. ఆ లాగుడంతా చివరికి ఆపేవి రాడ్డు అడుగున ఉండే రెండు బోల్టులే. అందుకే నేను మొదట కొన్నది టర్బో కాదు, ఫోర్జింగ్ రాడ్లు, మంచి బోల్టులు. వాటిని తిప్పుడు బలాన్ని (టార్క్) చూపే రెంచితో బిగించి వదలకుండా, బోల్టు ఎంత సాగిందో మైక్రోమీటరుతో కొలిచి బిగించాము. నూనె రాసిన తీరును బట్టి టార్క్ అంకె మోసం చేస్తుంది, సాగుడు చెయ్యదు.

బోరింగు పని నెల్లూరు ఆటోనగర్‌లోనే చేయించాను. లారీ ఇంజన్లు, రొయ్యల చెరువుల దగ్గరి జనరేటర్లు చూసే మేస్త్రి ఆయన. అల్యూమినియం బ్లాకులో పోత ఇనుప లైనర్లు ఉన్న ఇంజను కావడంతో బోరును 74.5కు మించి పెంచవద్దన్నాను. హోనింగ్ చేసేటప్పుడు, అంటే బోరు గోడను రాళ్ళతో సానపట్టేటప్పుడు, సిలిండర్లను పైన మూసే హెడ్డు బదులు మందపాటి ఉక్కు పలకను అదే గ్యాస్కెట్‌తో, అదే బోల్టులతో బిగించాలని అడిగితే ఆయన నవ్వి, "ఏంది సామీ, బోరు కొట్టేదానికి పైన మూత దేనికి?" అన్నారు. పలక తిప్పించి తెచ్చి, బోరు గేజిని లోపల నిలబెట్టి ఒక్కొక్క బోల్టే బిగించాము. నాలుగో బోల్టు దగ్గర ముల్లు కదిలింది. అన్నీ బిగిసేసరికి రెండు పాయింట్లు, అంటే 0.02 మి.మీ., పక్కకు జరిగింది. గుండ్రంగా ఉన్న బోరు హెడ్డు ఎక్కగానే అండాకారమవుతుందని నేను చెప్పవలసిన పని లేకపోయింది. ఆయనే హోనింగ్ రాళ్ళు మార్చి మళ్ళీ మొదలుపెట్టారు.

టర్బో ఇంజనులో పిస్టన్ పై రింగు ఎక్కువ వేడెక్కి వ్యాకోచిస్తుంది. రింగు రెండు కొనల మధ్య సందు చాలకపోతే అవి ఒకదానికొకటి తగిలి పిస్టన్ గట్టును విరిచేస్తాయి. అందువల్ల ఆ సందు 0.43 మి.మీ. ఉంచాను. కాస్త పొగ పోయినా ఫరవాలేదు.

హెడ్డులో భయమంతా వాల్వు స్ప్రింగుల గురించే. 30 మి.మీ. వాల్వు వెనక 0.7 బార్ బూస్టు ఉంటే, అది వాల్వును తెరిచే వైపు 5 కిలోల బలంతో నెడుతుంది. అంటే మామూలు ఇంజనుకు సరిపోయే స్ప్రింగు ఇక్కడ అంత మేర తక్కువ పడుతుంది. గట్టి స్ప్రింగులు వేసి, వాల్వు పూర్తిగా తెరిచినప్పుడు చుట్లు ఒకదానినొకటి తాకకుండా షిమ్ములతో (పలుచని బిళ్ళలతో) ఎత్తు సరిచేశాము. పిస్టన్ తల మీద పిల్లలు ఆడుకునే క్లే ముద్ద పెట్టి, క్రాంకును చేత్తో తిప్పి, ఆ ముద్దను కోసి చూసి వాల్వుకు ఎంత చోటుందో తెలుసుకున్నాము. ఖరీదైన పరికరం ఏదీ దీనికన్నా స్పష్టంగా చెప్పదు.

టర్బో విషయంలో మిత్రులతో వాదం జరిగింది. చిన్న టర్బో అయితే 2,500 దగ్గరే అందుకుంటుందన్నారు. నిజమే. కాని ఆ చిన్న టర్బైను పైవేగంలో పొగకు గొంతు నొక్కుతుంది. 5,500 దాటాక బలం పడిపోయే ఇంజనును 7,600 దాకా తిప్పి ప్రయోజనమేమిటి? కొంచెం పెద్దదే తీసుకుని, కింద ఆలస్యాన్ని భరించాను. ఇక వేడి సంగతి. మా ఎండల్లో 42 డిగ్రీల గాలిని 0.7 బార్ బూస్టుకు నొక్కితే, కంప్రెసర్ 70 శాతం సమర్థంగా పనిచేసినా, అది 115 డిగ్రీలు దాటి బయటికి వస్తుంది. ఆ గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్‌ను బంపరు వెనక, ఏసీ కండెన్సర్ తీసేసిన చోట పెట్టాము. 

బూస్టులో మిశ్రమం, అంటే పెట్రోలు ఒక వంతుకు గాలి, 11.5కు తగ్గకుండా, పెరగకుండా ఈసీయూలో (ఇంజనును నడిపే కంప్యూటరులో) పెట్టించాను. స్పార్కు ప్లగ్గు ఒక మెట్టు చల్లనిది (వేడిని త్వరగా వదిలేది), సందు 0.7 మి.మీ. టార్కు ఎక్కువగా ఉండే మధ్య వేగాల్లో నాకింగ్ (మిశ్రమం అదుపు తప్పి పేలడం) ప్రమాదం ఎక్కువ కాబట్టి, అక్కడ స్పార్కు పడే క్షణాన్ని వెనక్కి తెచ్చి, పైకి పోయేకొద్దీ మెల్లగా ముందుకు తెచ్చాము.

అన్నిటికన్నా ఎక్కువ రోజులు తిన్నది ఆయిలు. వెయ్యి ఆర్‌పీఎంకు 10 పీఎస్ఐ చొప్పున ఒత్తిడి ఉండాలన్నది పాత లెక్క. తిన్నగా పోయేటప్పుడు మాకు అది ఉంది. ట్రాక్ మీద పొడుగాటి మలుపులో మాత్రం ఒత్తిడిని నమోదు చేసే లాగర్‌లో గీత ఒక్కసారిగా దిగింది. సంపులో, అంటే ఇంజను అడుగున ఆయిలు నిలిచే తొట్టిలో, ఆయిలు పక్కకు పోయి, పంపు గొట్టం గాలి పీలుస్తోంది. సంపు విప్పి, గొట్టం చుట్టూ తలుపులున్న అడ్డు రేకులు వెల్డింగు చేయించాము. టర్బో నుంచి ఆయిలు తిరిగి వచ్చే గొట్టాన్ని కూడా లావుగా, ఎక్కడా వంపు లేకుండా, ఆయిలు మట్టానికి పైన కలిపాము. అది పంపుతో కాక తన బరువుతోనే దిగాలి మరి.

రేకుల తరవాత అదే మలుపులో గీత నిలిచింది. ప్రతి ట్రాక్ రోజు అయ్యాక ఆయిలు ఫిల్టరు కోసి, కాగితం మడతలు విప్పి, వెలుతురులో లోహపు తళుకు కోసం వెతుకుతాము. ఇప్పటిదాకా బేరింగు అరిగిన లోహపు రంగు కనబడలేదు. బలం 7,800 దాకా పడిపోకున్నా వేగానికి హద్దు పెట్టే లిమిటర్‌ను 7,600 దగ్గరే ఉంచాను. స్ప్రింగులు మళ్ళీ విప్పి ఒత్తిడి కొలిచాకే పెంచాలా వద్దా అన్నది చూస్తాము.