బీమా అందరికీనట, మరి కార్డులో పేరు?

ఆంధ్రప్రదేశ్‌లో 1.63 కోట్ల కుటుంబాలకు ఆరోగ్య బీమా ఇస్తామని 2025 సెప్టెంబరులో మంత్రివర్గం ఒప్పుకుంది. రూ.2.5 లక్షల దాకా బీమా కంపెనీ, పేదలకు ఆ పైన రూ.25 లక్షల వరకు ఎన్టీఆర్ వైద్య సేవ ట్రస్టు. మంచిదే. కానీ కోనసీమలో చాలా కేసులు డబ్బు దగ్గర కాదు, పేరు దగ్గర ఆగుతాయి.

ఆధార్‌లో సత్యనారాయణ, రేషన్ కార్డులో సత్తిబాబు. కోడలు కాపురానికొచ్చి మూడేళ్లయినా పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే. కొబ్బరి పీచు తీసే చేతులకీ, రొయ్యలు ఒలిచే చేతులకీ గీతలు అరిగిపోయి వేలిముద్ర పడదు. ఓటీపీ అంటారా, ఆ నంబరు కువైట్‌లో ఉన్న కూతురి దగ్గర ఉంటుంది!

ఒంట్లో బాగున్నప్పుడే ఊళ్లో సచివాలయానికెళ్లి కోడల్ని, పిల్లల్ని రేషన్ కార్డులో ఎక్కించండి. కోడలి పేరు ఇంకా పుట్టింటి కార్డులోనే ఉంటే, ఇక్కడికి ఎలా మార్చాలో అక్కడే అడగండి. ఆధార్ సెంటర్‌లో ఇంట్లో ఉండే ఫోన్ నంబరు కలపండి, వేలిముద్రలు మళ్లీ ఇవ్వండి. డెబ్బై దాటిన పెద్దవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా కేంద్రం ఇచ్చే రూ.5 లక్షల ఆయుష్మాన్ కార్డు వేరే ఉంది, ఆధార్‌లో వయసు సరిగా ఉంటే చాలు.

కాకినాడో భీమవరమో తీసుకెళ్లే ముందు 104కి ఫోన్ చేసి, ఆ జబ్బుకి ఆ ఆసుపత్రి వైద్య సేవ నెట్‌వర్క్‌లో ఉందో లేదో కనుక్కోండి. ఆసుపత్రి పేరు ఉన్నంత మాత్రాన అన్ని విభాగాలూ ఉండవు. వెళ్లగానే క్యాష్ కౌంటర్ కాదు, ముందు ఈ పథకం కేసులు చూసే ఆరోగ్యమిత్ర (వైద్యమిత్ర) బల్ల.