తమకైతే కావాలి, పక్కవాళ్లకైతే వద్దు

2010 నవంబరు ఎన్నికల్లో అమెరికాలోని మేరీలాండ్ రాష్ట్రం నుంచి ఆండీ హారిస్ అనే రిపబ్లికన్ ప్రతినిధుల సభకు గెలిచారు. వృత్తిరీత్యా మత్తు డాక్టరు. ఆ ఏడాది మార్చిలో ఒబామా సంతకం చేసిన ఆరోగ్య బీమా చట్టాన్ని రద్దు చేయాలని ఊరూరా ప్రచారం చేసి గెలిచిన మనిషి. గెలిచాక కొత్త సభ్యులను వాషింగ్టన్‌లో కూర్చోబెట్టి జీతం, సౌకర్యాల గురించి చెప్తుంటే, ప్రమాణం చేశాక 28 రోజుల దాకా ప్రభుత్వ ఇన్సూరెన్స్ మొదలు కాదని తెలిసింది. అన్ని రోజులు ఇన్సూరెన్స్ లేకుండా ఎలా ఉండాలని ఆయన అక్కడే నిలదీశారు. ఈలోపు ప్రభుత్వం దగ్గరే డబ్బు కట్టి కొనుక్కోవచ్చా అని కూడా అడిగారని పత్రికల్లో వచ్చింది. ప్రభుత్వ పద్ధతి ఎంత లోపభూయిష్టంగా ఉందో చూపడానికే అలా అడిగారని తర్వాత ఆయన ఆఫీసు వాళ్లు సర్దిచెప్పారు.

నేను మహబూబ్‌నగర్‌లో ఆరోగ్యమిత్రగా పనిచేశాను. 2007 ఏప్రిల్‌లో ఆరోగ్యశ్రీని ముందుగా మొదలుపెట్టిన మూడు జిల్లాల్లో మా పాలమూరు ఒకటి, మిగతా రెండు అనంతపురం, శ్రీకాకుళం. తెల్లకార్డు చూడడం, ఫొటో తీయడం, రిపోర్టులు ఎక్కించి ప్రీ ఆథ్ (వైద్యానికి ముందస్తు అనుమతి) పెట్టడం, హైదరాబాద్ నుంచి అప్రూవల్ వచ్చేదాకా పేషెంటు వాళ్లకు ధైర్యం చెప్పడం నా పని. "మేడం, అప్రూవల్ వచ్చిందా?" అని గంటకోసారి వచ్చి అడిగేవాళ్లు. బొంబాయికో పూణేకో మట్టిపనికి పోయి, గుండె జబ్బుతోనో కిడ్నీ జబ్బుతోనో తిరిగొచ్చినవాళ్లు చాలామంది. ఒక్కోసారి కార్డులో కోడలి పేరు ఉండేది కాదు. తల్లిగారింటి కార్డులో తీసేశారు, అత్తగారింటి కార్డులో ఇంకా ఎక్కలేదు. ఆ మధ్యలో ఆమెకు వాల్వు ఆపరేషన్ పడింది. ఇంటివాళ్లు ఎమ్మెల్యే లెటర్ కోసం, సీఎం రిలీఫ్ ఫండ్ ఎల్ఓసీ (ఆసుపత్రికి డబ్బు ఇస్తామనే హామీ పత్రం) కోసం తిరుగుతుంటే ఒక్కో రోజు ఎంత పొడుగ్గా ఉంటుందో నేను దగ్గరుండి చూశాను. అందుకే ఆ డాక్టరుగారి ప్రశ్న నాకు తప్పనిపించలేదు. 28 రోజులు ఇన్సూరెన్స్ లేకపోవడం నిజంగానే భయపడాల్సిన సంగతి. ఆ భయం తనకు ఒక్కడికే ఉన్నట్టు మాట్లాడి, కోట్లమందికి ఆ భయం తీర్చే చట్టాన్ని రద్దు చేయడానికి పార్లమెంటుకు పోవడమే నేను భరించలేకపోతున్నాను.

దూరదేశం రాజకీయం నాకెందుకని కొందరు అడుగుతారు. మా అక్కా బావా అక్కడే ఉన్నారు. కొడుకు అమెరికా పౌరుడయ్యాక తల్లిదండ్రులకు గ్రీన్ కార్డు తీయించాడు. టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గర ఉంటారు. అక్కడ 65 ఏళ్లు దాటినవాళ్లకు మెడికేర్ అనే ప్రభుత్వ బీమా ఉంది కానీ, కొత్తగా పోయిన గ్రీన్ కార్డు వాళ్లు అయిదేళ్లు ఆగాలి, ఆ తర్వాత కూడా డబ్బు కట్టి కొనుక్కోవాలి. ఈలోపు మన ముసలివాళ్లకు దిక్కు ఒబామాకేర్, అంటే ఆ 2010 చట్టం కింద దొరికే బీమా ప్లానే. మా బావకు కూడా అదే తీసుకున్నారు. ఊళ్లో పొలం కౌలు తప్ప వేరే ఆదాయం లేదు కాబట్టి ప్రీమియంలో చాలా భాగం ప్రభుత్వమే కట్టేది. నడుస్తుంటే ఛాతీలో నొప్పి వచ్చి ఆయనకు స్టెంట్ వేశారు. ఆసుపత్రి బిల్లు చూసి మా అక్క భయంతో ఫోన్ చేసి ఏడ్చింది. ఇన్సూరెన్స్ పోగా వాళ్ల చేతి నుంచి పడింది అందులో చిన్న భాగం. బావకు షుగర్ ఎప్పటినుంచో ఉంది. ముందునుంచే జబ్బు ఉన్నవాళ్లకు బీమా ఇవ్వం అని కంపెనీలు అనకుండా ఆపింది ఆ 2010 చట్టమే.

ఆ కొడుకు ఆ చట్టాన్ని పూర్తిగా తీసేయాలంటాడు. ఇంటి వాట్సాప్ గ్రూపులో వారానికోసారి దాని మీద ఏదో ఒకటి పెడతాడు.

"పని చేయనోళ్లకు మా ట్యాక్సులతోని ఎందుకు కట్టాలె చిన్నమ్మా?" అన్నాడు ఒకరోజు.

"మీ నాయన అక్కడ ఏం పని చేస్తుండు బిడ్డా?" అన్నాను.

"అది వేరే. మేం రూల్ ప్రకారమే తీసుకున్నం."

అందరూ రూల్ ప్రకారమే తీసుకుంటారు. ఆ రూలే ఉండకూడదని ఓటేస్తున్నది వాడు. వాడు చెడ్డవాడు కాదు. తల్లిదండ్రులను కంటికి రెప్పలా చూసుకుంటాడు. కానీ తమ పార్టీ చెడ్డదన్నది కాబట్టి చెడ్డది, అవతలి పార్టీ తెచ్చింది కాబట్టి వద్దు అనే దగ్గర వాడి బుద్ధి ఆగిపోతున్నది. వాడితో వాదించడానికే నేను ఈ చరిత్ర అంతా చదివాను.

ఆ చట్టంలో రిపబ్లికన్లు అన్నిటికన్నా ఎక్కువ తిట్టిన భాగం, ప్రతి మనిషీ ఇన్సూరెన్స్ తీసుకోవాల్సిందే, లేకపోతే జరిమానా అన్నది. ఆ ఆలోచనను 1989లో ముందుకు తెచ్చింది హెరిటేజ్ ఫౌండేషన్, అంటే రిపబ్లికన్లకు దగ్గరి సంస్థ. 1993లో క్లింటన్ పథకానికి పోటీగా రిపబ్లికన్ సెనేటర్ జాన్ ఛాఫీ పెట్టిన బిల్లులో అదే ఉంది. 2006లో మసాచుసెట్స్ గవర్నరుగా ఉన్న రిపబ్లికన్ మిట్ రామ్నీ దాన్ని తన రాష్ట్రంలో అమలు చేశారు. 2010లో ఒబామా అదే దేశానికంతటికీ తెస్తే, తుది ఓటింగులో ఒక్క రిపబ్లికన్ కూడా అనుకూలంగా ఓటు వేయలేదు. 2012లో అధ్యక్ష పదవికి నిలబడిన రామ్నీ, గెలిస్తే దాన్ని రద్దు చేస్తానన్నారు. అటువైపు ఒబామా కూడా 2008లో హిల్లరీ క్లింటన్‌తో పోటీ పడుతున్నప్పుడు ఇదే నిబంధనను వ్యతిరేకించి, కుర్చీ ఎక్కాక ఒప్పుకున్నారు. నచ్చిన ప్లాన్ ఉంటే దాన్నే ఉంచుకోవచ్చని జనానికి పదే పదే చెప్పారు. 2013లో ఎంతోమందికి పాత పాలసీలు రద్దయినట్టు ఉత్తరాలు వచ్చాయి. అది చిన్న మాట తప్పడం కాదు.

అయినా రెండు పార్టీలూ ఒకటేనని నేను అనను. కౌంటరు దగ్గర కూర్చున్నవాళ్లకు ఆ తేడా తెలుస్తుంది. ఇచ్చేటప్పుడు అబద్ధం చెప్పినవాళ్లను తిట్టాలి. ఇచ్చినదాన్ని గుంజుకునేవాళ్లను ఆపాలి.

గుంజుకోవడం ఎలా ఉంటుందో టెక్సాస్‌లో కనిపిస్తుంది. చట్టం రాసినప్పుడు లెక్క ఇది: బాగా పేదవాళ్లందరికీ మెడికెయిడ్ అనే ప్రభుత్వ బీమా, వాళ్లకన్నా కాస్త పైన ఉన్నవాళ్లకు ప్రీమియంలో సాయం. 2012 జూన్‌లో సుప్రీంకోర్టు మెడికెయిడ్ విస్తరణను రాష్ట్రాల ఇష్టానికి వదిలేసింది. మొదటి మూడేళ్లు ఆ ఖర్చు మొత్తం కేంద్రమే భరించింది, తర్వాత కూడా 90 శాతానికి తగ్గకుండా ఇస్తుంది. అయినా టెక్సాస్ వద్దంది. ప్రీమియం సాయమేమో పేదరిక రేఖ దగ్గర మొదలవుతుంది (మా బావలాంటి కొత్త వలసవాసులకు మాత్రం 2025 దాకా మినహాయింపు ఉండేది). అంటే ఆ రేఖకు కింద ఉన్న, పిల్లలు లేని, జబ్బుపడి వైకల్యం తేలని మనిషికి మెడికెయిడూ లేదు, సాయమూ లేదు. అత్తగారింటి కార్డులోనూ తల్లిగారింటి కార్డులోనూ పేరు లేని ఆ కోడలిదీ అదే గతి. దేశం మొత్తంలో ఇన్సూరెన్స్ లేనివాళ్లు ఎక్కువ శాతం ఉన్న రాష్ట్రం టెక్సాసే. ఆ గవర్నర్లకూ శాసనసభ్యులకూ మాత్రం ప్రభుత్వ ఉద్యోగుల బీమా ఉంటుంది.

నాకు బాగా పట్టుకున్న సంగతి ఇంకొకటి. కొన్ని రాష్ట్రాల్లో జనం సంతకాలు సేకరించి మెడికెయిడ్ విస్తరణను నేరుగా ఓటుకు పెట్టించారు. 2018లో ఐడహో, యూటా, నెబ్రాస్కా. 2020లో ఓక్లహోమా, మిజోరి. 2022లో సౌత్ డకోటా. అన్నీ ట్రంప్ గెలిచే రాష్ట్రాలే, అన్నిటిలోనూ విస్తరణ గెలిచింది. బ్యాలెట్ కాగితం మీద ఏ పార్టీ పేరూ లేకుండా, పేదవాళ్లకు వైద్యం కావాలా వద్దా అని ఒక్కటే అడిగితే అదే జనం కావాలన్నారు. మిజోరిలో ఓటు గెలిచాక కూడా శాసనసభ డబ్బు కేటాయించలేదు. 2021లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్తే తప్ప అమలు కాలేదు.

ఆ మిజోరి సెనేటరే జాష్ హాలీ. 2025 మే నెలలో పెద్ద పత్రికలో వ్యాసం రాసి, మెడికెయిడ్‌లో కోతలు నైతికంగా తప్పు అన్నారు. జూలై 1న ఆ కోతలున్న బిల్లుకే ఓటేశారు. రెండు వారాల తర్వాత కోతల్లో కొన్నిటిని వెనక్కి తీసుకోవాలని ఇంకో బిల్లు పెట్టారు. 2034 నాటికి ఆ చట్టం వల్ల సుమారు కోటి మంది అదనంగా బీమా కోల్పోతారని వాళ్ల పార్లమెంటు సొంత బడ్జెట్ కార్యాలయమే లెక్కగట్టింది. తప్పని తెలిసి రాసిన మనిషి, తన ఒక్క ఓటు అవసరమైన రోజున పార్టీతో నడిచారు. తెలియక చేసినవాళ్ల కన్నా నాకు ఇదే ఎక్కువ బాధ.

ఒబామా పార్టీ అయిన డెమొక్రాట్లకు కూడా జవాబు చెప్పాల్సినవి ఉన్నాయి. ప్రీమియం సాయాన్ని 2021లో పెంచింది వాళ్లే, 2025 చివరికి ముగిసేలా 2022లో తేదీ రాసిందీ వాళ్లే. శాశ్వతం చేయడానికి అప్పుడు వాళ్లలో వాళ్లకే పొత్తు కుదరలేదు. ఆ తర్వాత అధికారం పోయాక, అదే సాయం పొడిగించాలని 2025 అక్టోబరు 1 నుంచి 43 రోజులు ప్రభుత్వం మూతపడేదాకా కొట్లాడారు. పొడిగింపు రాలేదు, సాయం ముగిసింది. మా బావలాంటి వాళ్లకు దెబ్బ మీద దెబ్బ. పేదరిక రేఖ కన్నా తక్కువ ఆదాయం ఉన్న వలసవాసులకు ఆ కొంత సాయం కూడా 2026 నుంచి ఉండదని జూలై చట్టంలోనే రాశారు. ఆ చట్టం పాసైన రోజు మా అక్క కొడుకు గ్రూపులో జెండా బొమ్మ పెట్టాడు.

మన దగ్గర ఇదేమీ లేదనుకోవడానికి లేదు. 2018 సెప్టెంబరులో ఆయుష్మాన్ భారత్ వచ్చినప్పుడు, మా ఆరోగ్యశ్రీయే మేలు అని అప్పటి తెలంగాణ ప్రభుత్వం చేరలేదు. చికిత్సల జాబితా చూస్తే ఆ మాటలో నిజం లేకపోలేదు. కానీ ఆయుష్మాన్ కార్డు వేరే రాష్ట్రంలో కూడా చెల్లుతుంది. పూణేలో పని చేసే నారాయణపేట మనిషికి, బొంబాయిలో ఉన్న కోస్గి మనిషికి కావాల్సింది అదే. 2021లో చేరేదాకా వాళ్లు నొప్పితో రైలెక్కి మా కౌంటరుకే వచ్చారు. ఎవరి పథకం గొప్పదన్న పంతంలో వలస కూలీ సంగతి ఏ పార్టీకీ గుర్తుకు రాలేదు. 2019 ఆగస్టులో బకాయిలు రాలేదని ప్రైవేటు ఆసుపత్రులు ఆరోగ్యశ్రీ ఆపేస్తే కాంగ్రెస్ వాళ్లు గట్టిగా మాట్లాడారు. 2023 డిసెంబరులో వాళ్లు వచ్చి పరిమితిని 10 లక్షలకు పెంచారు, మంచి పని. 2025 సెప్టెంబరులో మళ్లీ బకాయిలు, మళ్లీ ఆసుపత్రులు ఆపేశాయి, ఈసారి గట్టిగా మాట్లాడింది బీఆర్ఎస్ వాళ్లు. డయాలసిస్ పేషెంటుకు ఒక్క వాయిదా తప్పితే ఊపిరాడదు. అసెంబ్లీలో ఎటు కూర్చున్న ఎమ్మెల్యేకైనా వైద్యం ఖర్చు ప్రభుత్వం తిరిగి ఇస్తుంది.

అమెరికాలో ఒక్క విషయం మాత్రం నాకు నచ్చింది. అక్కడి సభల్లో పెద్ద బిల్లుల మీద ఎవరు ఎటు ఓటేశారో పేరుతో సహా వెబ్‌సైట్‌లో ఉంటుంది. మా అక్క కొడుకు ఉండే నియోజకవర్గం ప్రతినిధి జూలైలో ఎటు వేశాడో నేనే వెతికి, బావ కొత్త ప్రీమియం కాగితంతో కలిపి వాడికి పంపాను. "ఈ రెండూ పక్కపక్కన పెట్టుకొని చదువు, 2026 నవంబరులో నీ ఇష్టం ఉన్నట్టు ఓటెయ్యి" అన్నాను. చాలాసేపటికి "చదివిన చిన్నమ్మా, నాయనకు చెప్పకు" అని జవాబిచ్చాడు. ఎందుకు చెప్పొద్దన్నాడో నేను అడగలేదు. ఆ వారం గ్రూపులో ఏమీ పెట్టలేదు.

మన అసెంబ్లీలో పద్దులు చాలావరకు మూజువాణి ఓటుతో పాసవుతాయి, పేర్లు దొరకవు. అందుకని సమాచార హక్కు కింద దరఖాస్తు రాశాను. ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలో ఆరోగ్యశ్రీ ఆసుపత్రులకు ఏ నెల నుంచి ఎంత బాకీ ఉంది, 2014 నుంచి ఏడాదివారీగా ఇవ్వమని అడిగాను. రెండు ప్రభుత్వాల లెక్కా ఒకే కాగితం మీద రావాలి. సోమవారం స్పీడ్ పోస్టు చేస్తాను. జవాబు వస్తే ఉన్నది ఉన్నట్టు ఇక్కడే పెడతాను.