అరవై ఆరు నెలల లెక్క: మా అమ్మాయి మెడికల్ సీటు విషయంలో నా అనుభవం

"గవర్నమెంటు సీటు, ఏడాదికి పది వేల ఫీజు. ఇంకా ఆలోచించేదేముంది?" 2024 సెప్టెంబరులో మా ఇంటికి వచ్చినవాళ్లలో ఈ మాట అననివాళ్లు లేరు. వాళ్లు మా మంచి కోరే అన్నారు. కానీ ఇంటి ఖర్చుల పుస్తకం రాసేది నేను. ఫీజు ఏడాదికి ఒకసారి కట్టేది. తిండి, అద్దె, ఆటో రోజూ ఉండేవి. ఎంబీబీఎస్ చదువు నాలుగున్నరేళ్లు, ఆ తర్వాత ఏడాది హౌస్ సర్జన్సీ, అంటే ఆసుపత్రిలో పనిచేస్తూ నేర్చుకునే ఇంటర్న్‌షిప్. మొత్తం అరవై ఆరు నెలలు. పుస్తకంలో కొత్త పేజీ తీసి పైన "66" అని రాసుకున్నాను.

మాది మిర్యాలగూడ. మా ఆయన రైస్ మిల్లులో లెక్కలు రాస్తారు, జీతం నెలకు 26 వేలు. నేను ఇంట్లో బ్లౌజులు కుడతాను. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కి పట్టణాల్లో ఆదాయ పరిమితి 2 లక్షలు కాబట్టి మాకు అది రాదు. ఆ ఏడాది నీట్‌లో అందరికీ మార్కులు బాగా వచ్చాయి, దాంతో ర్యాంకులు వెనక్కి పోయాయి. నల్గొండో సూర్యాపేటో వస్తే వారం వారం ఇంటికి వచ్చి పోతుందని ఆశపడ్డాం. మెరిట్ లిస్టు చూశాక ఆ ఆశ వదులుకున్నాం.

మిగిలినవి రెండు దారులు. ఒకటి, ఉత్తర తెలంగాణలో కొత్తగా పెట్టిన ప్రభుత్వ కాలేజీ. రెండోది, హైదరాబాద్ శివారులో ఒక ప్రైవేటు కాలేజీలో ప్రభుత్వం నిర్ణయించిన తక్కువ ఫీజుకు ఇచ్చే కన్వీనర్ కోటా సీటు, ఫీజు ఏడాదికి 60 వేలు. బి కేటగిరీ (మేనేజ్‌మెంట్ కోటా) ఫీజు లక్షల్లో ఉంటుంది, దాని జోలికి మేం పోలేదు. మధ్యలో ఒక కన్సల్టెన్సీ అతను ఇంటికొచ్చి విదేశంలో చదువు గురించి రెండు గంటలు చెప్పాడు. ఆయన ఇచ్చిన కాగితంలో ట్యూషన్ ఫీజు ఉంది గానీ విమానం టికెట్లు లేవు, డాలరు రేటు పెరిగితే ఏమవుతుందో లేదు, తిరిగొచ్చాక రాయాల్సిన పరీక్షకు కోచింగ్ ఖర్చు లేదు. అక్కడ ఇంటర్న్‌షిప్ చేసొచ్చినా ఇక్కడ మళ్లీ ఏడాది చెయ్యాలి. ఆ ఏడాది తిండి కూడా మనదే కదా అని అడిగితే ఆయన మాట మార్చాడు. అంతటితో ఆ ముచ్చట ఆపేశాం.

హైదరాబాద్ కాలేజీకి మా ఆయన ఒక్కరే పోయి కనుక్కొని వచ్చారు. హాస్టలు, మెస్సు కలిపి ఏడాదికి లక్షా 40 వేలు. మేనత్త ఇంటి నుంచి వస్తుందని రాసిస్తే హాస్టలు తీసుకోకపోయినా ఫర్వాలేదన్నారు. కాలేజీ బస్సుకు 38 వేలు. లైబ్రరీ, పరీక్షలు, అవీ ఇవీ కలిపి ఇంకో 28 వేలు. ఆ మేనత్త అంటే మా ఆయన అక్క. వనస్థలిపురంలో ఉంటారు.

ప్రభుత్వ కాలేజీ చూడ్డానికి మాత్రం ఇద్దరం కలిసి వెళ్లాం. తెల్లవారుజామున మొదటి బస్సు. హైదరాబాద్‌లో జూబ్లీ బస్ స్టేషన్ (జేబీఎస్) చేరి, అక్కడ ఇంకో బస్సు పట్టుకున్నాం. నాకు ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇచ్చారు, మా ఆయనకు మాత్రం డబ్బులు పెట్టి కొన్నాం. అప్పుడే నాకు తట్టింది. ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు ప్రయాణం ఉచితం కాబట్టి, అమ్మాయి ఇంటికి వచ్చిపోవడానికి చార్జీలు ఉండవు. దూరం ఉంది గానీ ఆ దూరానికి ఖర్చు లేదు. 2023 డిసెంబరులో ఈ ఉచిత ప్రయాణం రాకముందు అయితే నా లెక్క వేరేలా ఉండేది. అబ్బాయి అయినా వేరేలా ఉండేది.

కాలేజీ ఊరి బయట ఉంది. బోధనాసుపత్రిగా మార్చిన జిల్లా ఆసుపత్రి ఊరి నడుమ ఉంది. ఆఫీసులో ఒకాయన మర్యాదగానే మాట్లాడారు. అమ్మాయిల హాస్టలు అద్దె భవనంలో నడుస్తోందని, అది నిండిపోయిందని, కొత్త భవనం కడుతున్నారని చెప్పారు. ఎప్పటికి అవుతుందని అడిగితే "అయిపోతుందమ్మా" అన్నారు. నేను పుస్తకంలో "హాస్టలు లేదు" అని రాసుకున్నాను. వస్తే సంతోషం, రానట్టే లెక్క వేద్దాం అనుకున్నాను.

బయటికి వచ్చి ఎదురుగా ఉన్న టిఫిన్ సెంటర్లో కూర్చున్నాం. పక్క బల్ల దగ్గర ఒక అమ్మాయి, తెల్ల ఏప్రన్ మడిచి ఒళ్లో పెట్టుకొని ఇడ్లీ తింటోంది. సెకండ్ ఇయర్ అట, వాళ్లది గద్వాల వైపు. మా అమ్మాయి విషయం చెప్పి, నెలకు ఎంతవుతుందమ్మా అని అడిగాను. "ఏడెనిమిది వేలు ఆంటీ" అంది. ఆ జవాబు నేను అప్పటికే చాలామంది దగ్గర విన్నాను. అందుకే ఇంకోలా అడిగాను: "నిన్న ఎంత ఖర్చు పెట్టావు?" ఆ అమ్మాయి కాసేపు ఆలోచించి ఫోన్ తీసి ఫోన్‌పే హిస్టరీ తెరిచి నా చేతిలో పెట్టింది.

ఆ జాబితా నాకింకా కళ్ల ముందే ఉంది. ఆటో 20. ఆటో 20. జిరాక్స్ 34. టీ 10. ఆటో 15. అరటిపళ్లు 40. జిరాక్స్ 52. మందుల షాపు 86. పోయిన నెల ఒకటో తారీఖు నుంచి ముప్పై వరకు ఆ పిల్ల ఓపికగా పైకి జరుపుతూ ఉంటే, నేను పుస్తకంలో ఎక్కించుకున్నాను. మా ఆయన పక్కన కూర్చొని అంకెలు కూడారు. గదిలో తన వంతు అద్దె 2,500, మెస్సు 3,300 కలుపుకొని మొత్తం 7,940 అయింది. ఆటోలకే 1,100 పైన. తనకు కూడా అంత అయిందని తెలియదట, ఆశ్చర్యపోయింది.

ఆటోలకు అంతెందుకు అంటే చెప్పింది. "ఫస్ట్ ఇయర్‌లో క్లాసులు, డిసెక్షన్ అన్నీ కాలేజీలోనే ఆంటీ, గది ఇక్కడే ఉంటే నడిచి రావచ్చు. సెకండ్ ఇయర్ నుంచి పొద్దున వార్డు పోస్టింగులు ఆసుపత్రిలో, మధ్యాహ్నం క్లాసులు ఇక్కడ. గది ఎక్కడ తీసుకున్నా ఒకవైపు ఆటో తప్పదు. హౌస్ సర్జన్ అయ్యాక నైట్ డ్యూటీలు, అప్పుడు ఆసుపత్రి పక్కనే ఉండాలి." ఈ ఒక్క మాటతో నా లెక్కంతా మారిపోయింది. అప్పటిదాకా నెల ఖర్చును 66తో గుణించుకుంటూ వచ్చాను. నిజానికి అవి మూడు వేర్వేరు కాలాలు. మొదటి ఏడాది ఒక రకం, నడుమ మూడున్నరేళ్లు ఇంకో రకం, చివరి ఏడాది పూర్తిగా వేరు. చివరి ఏడాదైతే ఖర్చు కాదు, రాబడి.

ఆ రాబడి సంగతి కూడా అక్కడే తెలిసింది. ప్రభుత్వ కాలేజీల్లో హౌస్ సర్జన్లకు అప్పట్లో నెలకు 25,906 రూపాయల స్టైపెండ్. మా ఆయన జీతమంత! (2025లో అది 29,792 అయింది.) హైదరాబాద్ కాలేజీలో ఎంత ఇస్తారని మా ఆయన ఫోన్ చేసి అడిగితే సూటిగా చెప్పలేదు. చెప్పని డబ్బును లెక్కలో వేసుకోలేను కదా, అక్కడ సున్నా పెట్టాను.

ఇంటికి వచ్చాక రాత్రి కూర్చొని పేజీ నడుమ గీత గీశాను. ప్రభుత్వ కాలేజీకి నెల ఖర్చు 8 వేల చొప్పున 96 వేలు, ఫీజు 10 వేలు, ఇతరాలు 8 వేలు: ఏడాదికి లక్షా 14 వేలు. వదిన వాళ్లింట్లో ఉండి చదివితే ఫీజు 60 వేలు, ఇతరాలు 28 వేలు, బస్సు 38 వేలు, చేతి ఖర్చు 18 వేలు: లక్షా 44 వేలు. తేడా 30 వేలు. ఆరు రెట్ల ఫీజు తేడా కాస్తా నెలకు 2,500కి దిగింది. మా ఆయన గీతకు రెండు వైపులా చూసి, "నెలకు రెండున్నర వేలు ఎక్కువైతే అయింది, పిల్ల మనవాళ్ల మధ్య ఉంటుంది" అన్నారు. నాకూ కాదనాలనిపించలేదు. పదిహేడేళ్ల పిల్లను తెలియని ఊళ్లో అద్దె గదిలో వదలడమంటే నాకూ గుండె దడే.

ఆ ఆదివారం వదిన వచ్చారు. విషయం చెప్పగానే, "ఇంకో గ్లాసు బియ్యం ఎక్కువ పోస్తాను, అంతే కదా. దానికి ఇన్ని లెక్కలా?" అన్నారు. మనసులోంచి వచ్చిన మాట అది. ఆవిడ ఎలాంటి మనిషో నాకు తెలుసు, నా కాన్పుకి నెల రోజులు దగ్గరుండి చూసుకున్న మనిషి. కానీ వాళ్లది రెండు గదుల ఇల్లు. వాళ్లబ్బాయి ఇంటర్‌లో ఉన్నాడు. మా అమ్మాయి రాత్రి ఒంటి గంట దాకా లైటు వేసుకొని చదువుతుంది, గట్టిగా చదివితేనే దానికి ఎక్కుతుంది. ఒకటి రెండు నెలలైతే ఎవరైనా సర్దుకుంటారు. ఐదున్నరేళ్లు?

నెలకు 4 వేలు ఇస్తామని మా ఆయన అన్నారు. వదిన ముఖం మాడిపోయింది. "నా మేనకోడలికి అన్నం పెట్టి డబ్బులు తీసుకోవాలా రా?" అన్నారు. ఆ సాయంత్రం ఆవిడ సరిగ్గా మాట్లాడకుండానే బస్సెక్కారు. నేను చాలా బాధపడ్డాను. డబ్బు ఇవ్వకపోతే మాకు భారం, ఇస్తే ఆవిడకు అవమానం. ఆ 30 వేల తేడాలో ఈ బరువు ఎక్కడా రాసి లేదు.

చివరికి తేల్చింది మా అమ్మాయే. "అమ్మా, అత్తమ్మ ఇంట్లో ఉంటే నేను చదువుకునేటప్పుడు కూడా ఎవరికి ఇబ్బంది అవుతోందా అని చూసుకుంటూ ఉంటాను. గదిలో ఉంటే ఆ టెన్షన్ ఉండదు" అంది. వెబ్ ఆప్షన్లలో ముందు నల్గొండ, సూర్యాపేట, ఆ తర్వాత మిగతా ప్రభుత్వ కాలేజీలన్నీ, వాటి కింద ప్రైవేటువి పెట్టాం. ప్రభుత్వ కాలేజీల్లో కూడా పేరు చూసి కాకుండా, ఫోన్లు చేసి హాస్టలు ఉందా, ఆసుపత్రి ఎంత దూరం అని కనుక్కొని వరుస పెట్టుకున్నాం. మేం చూసొచ్చిన కాలేజీలోనే సీటు వచ్చింది. నేనే వదినకు ఫోన్ చేసి చెప్పాను. కాసేపు మౌనంగా ఉండి, "జేబీఎస్‌లో బస్సు మారేటప్పుడు చీకటి పడితే మా ఇంటికే రమ్మను" అన్నారు.

బ్యాంకుకు వెళ్తే ఎడ్యుకేషన్ లోన్ ఫీజుకే కాకుండా హాస్టలు, పుస్తకాలకు కూడా ఇస్తామన్నారు, ఏడున్నర లక్షల లోపు ఆస్తి తాకట్టు అక్కర్లేదన్నారు. మాకు కావాల్సింది మొత్తం ఐదారు లక్షలే కాబట్టి, అందులో రెండు లక్షలకే తీసుకున్నాం. మిగతాది నెల నెలా సర్దుతున్నాం.

మొదటి ఏడాది నా లెక్క చాలాచోట్ల తప్పింది. గదికి మూడు నెలల అడ్వాన్సు ఒకేసారి అడిగారు. బోన్ సెట్ (చదువుకోవడానికి వాడే మనిషి ఎముకలు) సీనియర్ దగ్గర సగం ధరకు దొరికింది, అది మళ్లీ జూనియర్‌కి అమ్ముకోవచ్చు కాబట్టి ఖర్చు కింద రాయలేదు. మెస్సు ఆదివారం రాత్రి ఉండదు, ఆ పూట బయట తినాలి. వానాకాలంలో జ్వరం వచ్చి రక్తపరీక్షలకు, మందులకు ఒక్కసారే 2,600 పోయింది. మెడిసిన్ చదివే పిల్లకు జ్వరం ఖర్చు నేనసలు ఊహించనే లేదు. హిస్టాలజీ (కణజాలాల చదువు) రికార్డులో బొమ్మలన్నీ గులాబీ, ఊదా రంగు పెన్సిళ్లతోనే వెయ్యాలట. రంగు అద్దిన కణాలు మైక్రోస్కోపు కింద ఆ రంగుల్లోనే కనబడతాయని చెప్పింది. పన్నెండు రంగుల డబ్బాలో పది అలాగే ఉంటాయి, ఆ రెండు మాత్రం నెల తిరిగేసరికి వేలెడు మిగులుతాయి. విడిగా అమ్మే కొట్టు అక్కడ లేదు. మిర్యాలగూడలో డజను కొని బస్సులో పంపేదాన్ని.

నా లెక్కకు కలిసి వచ్చినవీ ఉన్నాయి. మొదటి ఏడాది నడిచే వెళ్లింది, ఆటో ఖర్చు లేదు. నేను చేసిచ్చే పచ్చళ్లు, కారప్పొడి, వదిన పంపే సకినాలతో బయటి తిండి తగ్గింది. పన్నెండు నెలలు కూడితే సగటున నెలకు 8,200 తేలింది.

ఇప్పుడు సెకండ్ ఇయర్. కొత్త హాస్టలు ఇంకా తెరవలేదు. మా అమ్మాయి, గదిలో తనతో ఉండే ఇద్దరూ, ముగ్గురూ ఆసుపత్రికి దగ్గరగా వేరే గదికి మారారు. అద్దె మనిషికి 600 పెరిగింది. పొద్దున వార్డుకు నడిచి వెళ్తారు, మధ్యాహ్నం కాలేజీకి మాత్రం ఆటో. ఖర్చులు ఇప్పుడు అమ్మాయే రాసుకుంటోంది, నెలాఖరున ఫొటో తీసి వాట్సాప్‌లో పెడుతుంది. పోయిన నెలది 8,760. ఆటోలు, జిరాక్సులు, మెస్సు వరుసగా రాసి, చివరి లైనులో "ఊదా పెన్సిల్ 2, గులాబీ 2 పంపు. పాథాలజీకి కూడా ఇవేనట" అని ఉంది.