సిస్కో పేరు చీటీ మీద, మొక్క బూడిదనేల మీద

గ్రాండ్ జంక్షన్ నుంచి ఐ-70 మీద పడమరగా యూటాలోకి వస్తే కుడిచేతి వైపు బుక్ క్లిఫ్స్, వాటి కింద మాంకోస్ షేల్ అనే బంకరాయి బూడిదనేల. మే నెలలో ఆ బోడిమట్టిలో జైలోరైజా వెనుస్టా అనే మొక్క పూస్తుంది. మన గడ్డిచామంతి కుటుంబమే. మొదలు కొయ్యబారి, పసుపు బొడ్డు చుట్టూ తెల్లని రేకులతో ఉంటుంది.

దాని పాత హెర్బేరియం (ఎండబెట్టిన మొక్కల భాండాగారం) నమోదులు మా చేతిలో ఉన్నాయి, ఒక్కోటీ ఎక్కడ కోసిందో మ్యాపులో చుక్కగా పెట్టాలి. చీటీ మీద “సిస్కో” అని ఒక్క మాట. అదొక రైల్వే స్టేషను, ఇప్పుడు దాదాపు పాడుబడ్డ ఊరు. ఈ మొక్కను మొదట ఆస్టర్ వెనుస్టస్‌గా వర్ణించిన వృక్షశాస్త్రజ్ఞుడు మార్కస్ జోన్స్ కాలంలో సేకరించేవాళ్లకు స్టేషను పేరే చిరునామా. దాన్ని అలాగే మ్యాపులో పెడితే చుక్క పట్టాల మీద పడుతుంది.

టౌన్‌షిప్, రేంజ్, సెక్షన్ (అమెరికా భూసర్వే గడుల గుర్తులు) రాసిన చీటీలు నయం. సెక్షన్ ఒక మైలు చదరం కాబట్టి దాని మధ్యబిందువు తీసుకుంటే పొరపాటు 1.14 కిలోమీటర్లు దాటదు. సెక్షన్ లేక, ఆరు మైళ్ల చదరమైన టౌన్‌షిప్ మాత్రమే ఉంటే అది 6.8 కిలోమీటర్ల దాకా పోతుంది. ఆ సంఖ్యను నమోదులో తప్పక రాయాలి. పాత మ్యాపుల నాడ్27 (1927 నాటి కొలతల ఆధారం) ప్రకారం రాసిన యూటీఎమ్ స్థాననిర్దేశ అంకెల్ని నేటి జీపీఎస్‌లో సూటిగా వేస్తే స్థానం సుమారు 200 మీటర్లు ఉత్తర దక్షిణాలుగా జరుగుతుంది. ఇక్కడ ఒక వాగు దాటించడానికి అది చాలు.

అందుకే చుక్క పెట్టేముందు మట్టి చూడాలి. షేల్‌లో సెలీనియం అనే మూలకం ఎక్కువ. 1930లలో వ్యోమింగ్‌లో బీత్ అనే పరిశోధకుడి బృందం గుర్తించిన సెలీనియం సూచిక మొక్కల్లో (నేలలో అది ఉందని తెలిపేవి) జైలోరైజాలూ ఉన్నాయి. పక్కన పసుపు పూలకంకుల స్టాన్లియా అనే మొక్క కనిపిస్తే చోటు సరైనదే. వాన పడితే మాత్రం మట్టిదారి తొక్కకండి, బంక టైర్లకు పట్టేస్తుంది.

అనుమతి ఉంటేనే కోయాలి. కొయ్యమొదలు ముక్కతో సహా తీసి, ఒకటి రెండు పూలను నిలువునా చీల్చి, వెంటనే ప్రెస్సులో పెట్టి నొక్కాలి. నెమ్మదిగా ఎండితే ప్రెస్సులోనే గింజకట్టి, వాటి తలమీది కేశగుచ్ఛాలు దూదిలా విడిపోతాయి. రేకుల రంగు అక్కడే రాసుకోవాలి, ఎండాక నమ్మలేం.

సిస్కో దాటి 128 రోడ్డులో డ్యూయీ వంతెన వైపు దిగుతుంటే నేల ఎరుపెక్కుతుంది. ఇది బూడిదనేల మొక్క కాబట్టి అక్కడి నుంచి మోయాబ్ దాకా వెనుస్టా పేరుతో ఏ నమోదు ఎదురైనా, మొక్క అతికించిన షీటు తెప్పించి ఆకులూ, పూవు కింది పుచ్ఛాలూ (చిన్న ఆకుల్లాంటి పొరలు) మళ్లీ చూడాల్సిందే.